నిలబడే చోటు, ఎత్తే చెయ్యి, ఆడే మాట: కొత్త బాస్కెట్‌బాల్ రిఫరీలకు

నేను మొట్టమొదట విజిల్ పట్టిన రోజు ఆట మొత్తం బంతినే చూశాను. చెన్నైలో కోడంబాక్కం వైపు ఒక బడి కోర్టు, సిమెంటు నేల, ఆదివారం పొద్దున. బంతి ఎటు పోతే నా కళ్లు అటు. మూడో క్వార్టరులో ఒక కుర్రాడు నోరు పట్టుకుని కూర్చుండిపోయాడు, వేళ్ల సందుల్లోంచి నెత్తురు. ఎవరి మోచెయ్యి తగిలిందో నేను చూడలేదు. నా జోడీ రిఫరీ కూడా చూడలేదు, ఆయనా బంతి వెంటే ఉన్నాడు. నాలుగు కళ్లు, ఒకే బంతి. గట్టు మీద కూర్చుని వేరుసెనగలు తింటున్న తాతగారు మాత్రం చూశారు. ఎవరు కొట్టారో అరిచి చెప్పారు కూడా. తాతగారి మాట మీద ఫౌల్ ఇవ్వలేం కదా.

ఆ తర్వాత కొన్నాళ్లకు జేమ్స్ నైస్మిత్ 1891లో ఈ ఆటకు రాసిన 13 నియమాలు చదివాను. పదో నియమం ప్రకారం అంపైర్ మనుషులకు న్యాయనిర్ణేత. పదకొండో నియమం ప్రకారం రిఫరీ బంతికి న్యాయనిర్ణేత. ఆట పుట్టిన రోజునే పని ఇలా పంచి పెట్టారు, ఒకరు బంతిని చూస్తే మరొకరు మనుషులను చూడాలని. ఆ పంపకాన్నే నేను మొదటి రోజు గాలికి వదిలేశాను.

నైస్మిత్ ఆ ఆటను అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో కనిపెట్టారు. హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో మొదలుపెట్టిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల నేటికీ మన నందనంలో ఉంది. బాస్కెట్‌బాల్‌కు సంబంధించినంత వరకు చెన్నై పాత ఊరే. ఐ.సి.ఎఫ్. (రైలు పెట్టెల కర్మాగారం), ఐ.ఓ.బి. (ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు) జట్ల ఆట చూస్తూ పెరిగినవాళ్లు ఇక్కడ గల్లీకి ఒకరుంటారు, వాళ్ల ముందు విజిల్ ఊదడం అంత తేలిక కాదు. నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో చదువుకో ఉద్యోగానికో వచ్చి, శని ఆదివారాల్లో బడుల మ్యాచ్‌లు, క్లబ్బుల మ్యాచ్‌లు నడపాలనుకునే తెలుగు కుర్రవాళ్లు నా దగ్గరకు వస్తుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ఇద్దరు రిఫరీలు నడిపే ఆట గురించే ఎక్కువగా చెబుతాను, మన స్థాయిలో దొరికేది అదే కాబట్టి.

ఆటకు ముందు

నియమాల ప్రకారం రిఫరీ అధికారం ఆట మొదలయ్యే సమయానికి 20 నిమిషాల ముందు నుంచే ఉంటుంది. మీరు అంతకంటే ముందే చేరాలి. గంట ముందు చేరితే మంచిది, చెన్నైలో బస్సును నమ్ముకున్నవాళ్లు గంటన్నర అనుకోండి. రిఫరీ చొక్కా, నల్ల ప్యాంటు, నల్ల సాక్సులు, నల్ల బూట్లు. ఇస్త్రీ లేని చొక్కాతో వచ్చిన రిఫరీ మొదటి విజిల్‌కు ముందే సగం మర్యాద పోగొట్టుకుంటాడు. అన్యాయమే, కానీ అంతే.

విజిల్ రెండు ఉంచుకోండి. లోపల గింజ లేని రకం కొనండి. గింజ ఉన్న విజిల్ ఉమ్మికి, చెమటకు ఇరుక్కుంటుంది, సరిగ్గా అవసరమైన క్షణంలో మోగదు. కెనడా రిఫరీ రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్‌కు ఒక అంతర్జాతీయ మ్యాచ్‌లో అదే జరిగింది. ఆయన పట్టుబట్టి గింజ లేని విజిల్ చేయించి 1987లో ఫాక్స్ 40 పేరుతో బయటికి తెచ్చారు. మే నెల చెన్నై ఉక్కపోతలో దాని విలువ తెలుస్తుంది.

కోర్టు చుట్టూ ఒకసారి నడవండి. లోపలి కొలత 28 మీటర్లు, 15 మీటర్లు, గీతల చుట్టూ 2 మీటర్ల మేర అడ్డేమీ ఉండకూడదు. మన బడుల్లో ఎండ్ లైన్ (రింగు వెనకున్న గీత) వెనక గోడో, సైకిళ్ల వరసో, వేపచెట్టు వేరో ఉంటుంది. అది ముందే చూసుకోవాలి, ఎందుకంటే ఆటలో మీరు సగం సేపు నిలబడేది అక్కడే. సైకిళ్లు తీయించండి. వేరును తీయించలేరు, కాబట్టి ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి.

ఇక జోడీతో మాట్లాడటం. చాలామంది టీ తాగుతూ ఊరి కబుర్లు చెప్పుకుంటారు. ఓ పది నిమిషాలు పని మాట్లాడండి. ఇద్దరూ ఒకేసారి విజిల్ వేస్తే ఎవరు తీసుకోవాలి, క్వార్టరు చివరి క్షణంలో షాట్ పడితే ఎవరు చూడాలి, టైమ్ అవుట్‌లో ఎక్కడ నిలబడాలి. ఇవి తేల్చుకున్నాక కబుర్లు.

నిలబడే చోటు

ఒకరు లీడ్, ఒకరు ట్రెయిల్. దాడి చేసే జట్టు కంటే ముందే వెళ్లి ఎండ్ లైన్ దగ్గర నిలబడేది లీడ్. బంతికి కాస్త వెనక, కాస్త ఎడమగా వచ్చేది ట్రెయిల్. బంతి అవతలి జట్టు చేతికి పోయి ఆట తిరగబడిందంటే పాత్రలూ తిరగబడతాయి. ట్రెయిల్‌గా ఉన్నవారు పరుగెత్తి లీడ్ అవుతారు, లీడ్‌గా ఉన్నవారు ట్రెయిల్ అవుతారు.

ఇద్దరు కలిసి దుప్పటి మడిచేటప్పుడు ఎదురెదురు మూలలు పట్టుకుంటారు కదా, మీరిద్దరూ అలా ఉండాలి. పది మంది ఆటగాళ్లూ మీ మధ్యలో ఉండాలి. ఒకరు కదిలితే రెండోవారూ కదలాలి, లేకపోతే దుప్పటి జారుతుంది. గీతల పంపకం కూడా దీన్నిబట్టే. ఎవరి ఎడమ చేతి వైపున్న సైడ్ లైన్ వారిది. ఎండ్ లైన్ లీడ్‌ది, మధ్య గీత ట్రెయిల్‌ది. బంతి బయటికి పోయినప్పుడు ఇద్దరూ రెండు దిక్కులు చూపించడం కంటే నవ్వులపాలయ్యేది మరొకటి లేదు, ఈ పంపకం గుర్తుంటే ఆ ముప్పు తప్పుతుంది.

ఇప్పుడు అసలు విషయం. దీన్ని నేను కోర్టులో కాదు, కాఫీ హోటల్లో నేర్పుతాను. రెండు స్టీలు గ్లాసులు బల్ల మీద పెట్టండి, ఒకదాని వెనక ఒకటి. నేరుగా ఎదురుగా కూర్చుని చూడండి. రెంటి మధ్య బెత్తెడు దూరం ఉందా, రెండూ అంటుకుని ఉన్నాయా? చెప్పలేరు. కుర్చీ ఒక్క అడుగు పక్కకు జరపండి. సందు కనిపిస్తుంది. రిఫరీ పనంతా ఆ ఒక్క అడుగే. డ్రిబుల్ చేసేవాడు ఒక గ్లాసు, అడ్డుకునేవాడు మరో గ్లాసు. వాళ్ల మధ్య సందు కనిపిస్తే చెయ్యి తగిలిందో లేదో తెలుస్తుంది. సందు కనిపించకపోతే మీకు తెలిసేది వీపులు మాత్రమే, వీపులను చూసి వేసిన విజిల్ ఊహే.

అందుకే ట్రెయిల్ ఆటగాడి వెనక నేరుగా నిలబడకూడదు. ఆటగాడు కుడికి కోసుకుపోతే మీరు ఒక అడుగు ఎడమకు, అతను ఎడమకు వస్తే మీరు ఒక అడుగు కుడికి, సందు మళ్లీ తెరుచుకునే దాకా. కొత్తవాళ్లు ఆటగాడు వెళ్లిన దిక్కుకే పరుగెత్తుతారు. మనిషికి సహజంగా వచ్చే పని అదే, ఇక్కడ పనికిరానిదీ అదే.

దూరం కూడా ముఖ్యం. ఆటకు 3 నుంచి 6 మీటర్ల దూరం బాగుంటుంది. దగ్గరకు వెళితే బాగా కనిపిస్తుందనుకోవడం పొరపాటు, దగ్గరకు వెళ్లిన కొద్దీ కంటికి ఆనే భాగం చిన్నదవుతుంది, కదలిక వేగంగా అనిపిస్తుంది, ప్రతి తాకిడీ పెద్దదిగా తోస్తుంది. ఇంకొకటి, పరుగెత్తుతూ తీర్పు ఇవ్వకండి. ముందే చేరి, ఆగి, చూడండి. కదులుతున్న బస్సులోంచి దుకాణం బోర్డు చదవడానికి, ఆగిన బస్సులోంచి చదవడానికి ఎంత తేడా ఉందో అంత తేడా.

లీడ్ రింగు కింద నిలబడకూడదు. అక్కడ నిలబడితే పైన జరిగేది కనిపించదు, ఎదురుగా వచ్చేవాళ్ల ఛాతీలు మాత్రమే కనిపిస్తాయి. ఎండ్ లైన్ బయట, గీతకు కాస్త ఎడంగా, లేన్ (రింగు ముందు గీసిన దీర్ఘచతురస్రం) అంచుకు అవతల, రింగును 45 డిగ్రీల వాటంలో చూస్తూ నిలబడండి. ఒంటిని కోర్టు లోపలికి తిప్పి ఉంచండి. బంతి ట్రెయిల్ ఉన్న వైపు రింగు దగ్గరకు చేరి, ఇద్దరు పొడగరులు వీపులతో తోసుకుంటుంటే, రెండు మూడు అడుగులు వేసి లేన్ అవతలి అంచు దాకా వెళ్లండి. అంతకు మించి వద్దు, తిరిగి రావడం కష్టం.

వెనక గోడ ఉంటే? ఇది పుస్తకాల్లో ఉండదు, మన కోర్టుల్లో ఉంటుంది. వెనక్కి జరగడానికి చోటు లేదు కాబట్టి పక్కకు జరగండి. గోడకు వీపు ఆనించి రింగు పక్కన నిలబడటం కంటే, సైడ్ లైన్ వైపు ఇంకో మీటరు ఎడంగా పోవడం మేలు. దూరం దొరకని చోట కనీసం వాటం దొరుకుతుంది. మీ భద్రత మాట కూడా ఉంది, రింగు దాకా పరుగెత్తి లే అప్ వేసి అదుపు తప్పిన కుర్రాడు వచ్చి పడేది సరిగ్గా ఆ గోడ మీదకే.

ట్రెయిల్ చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. బంతి 8 సెకన్లలో మధ్య గీత దాటిందా, 6.75 మీటర్ల గీత బయటినుంచి వేసిన షాటేనా, రింగు మీదికి దిగుతున్న బంతిని ఎవరైనా ముట్టుకున్నారా, బజర్ మోగే లోపు బంతి చెయ్యి దాటిందా. షాట్ వేసినవాడి కాళ్లు నేలకు ఆనే దాకా అతన్ని వదలకండి. బంతి గాల్లో అందంగా పోతుంటే కన్ను అటే లాగుతుంది, ఆ అర సెకనులోనే అడ్డుకునేవాడు అతని పాదాల కిందకు కాలు పెడతాడు. చీలమండలు విరిగేది అలాగే.

షాట్ వేయగానే చాలామంది ట్రెయిల్‌లు అవతలి కొసకు పరుగు మొదలుపెడతారు, తర్వాత లీడ్ కావాలి కదా అని. రింగుకు తగిలి తిరిగొచ్చే బంతి కోసం రీబౌండ్ తోపులాట మొత్తం అప్పుడే జరుగుతుంది. వెనక్కి కాదు, రెండు అడుగులు ముందుకు వేయండి. బంతి ఎవరి చేతిలో పడిందో తేలాక పరుగెత్తండి. పరుగెత్తేటప్పుడు కూడా మెడ కోర్టు వైపే ఉండాలి. కోర్టుకు వీపు పెట్టి పరుగెత్తే రిఫరీని చూస్తే, పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకి వెళ్లినవాళ్లు గుర్తొస్తారు.

ముగ్గురు రిఫరీల ఆటలో మూడోవారిని సెంటర్ అంటారు, ట్రెయిల్‌కు ఎదురు సైడ్ లైన్ పక్కన ఉంటారు. పెద్ద పోటీలకు వెళ్లినప్పుడు అది నేర్చుకోవచ్చు, ఇద్దరి ఆటలో పునాది పడితే అది నెలలో వస్తుంది.

ఎవరిని చూడాలి

బంతి ఉన్నవాడిని కాదు, వాడిని అడ్డుకునేవాడిని చూడండి. దాడి చేసేవాడు ఏం చేస్తాడో అంచు కంటితోనే తెలిసిపోతుంది. అడ్డుకునేవాడు సరిగ్గా ఉన్నాడా లేదా అన్నది నిలకడగా చూస్తే తప్ప తెలియదు.

ఇద్దరూ ఢీకొని ఒకరు కింద పడ్డారనుకోండి. తప్పు అడ్డుకునేవాడిదైతే బ్లాకింగ్, దాడి చేసేవాడిదైతే ఛార్జింగ్. గట్టు మీద జనం పడ్డవాడి పక్షం. మీకు పడ్డవాడితో పని లేదు. వరసగా చూసుకోవాల్సినవి ఇవి. అడ్డుకునేవాడు ఎదుటివాడికి అభిముఖంగా, రెండు పాదాలూ నేలకు ఆనించి చోటు సంపాదించాడా? సంపాదించాక పక్కకో వెనక్కో కదలవచ్చు, తన నిలువులోనే పైకి ఎగరనూవచ్చు, అది తప్పు కాదు. ఇక్కడే కొత్తవాళ్లు పొరబడతారు, కదిలాడు కాబట్టి బ్లాకింగ్ అనుకుంటారు. తాకిడి అతని ఛాతీ మీద పడిందా? అయితే ఛార్జింగ్. అతను ముందుకు వచ్చి గుద్దాడా, తుంటినో మోకాలినో దారిలోకి చాచాడా? అయితే బ్లాకింగ్. దాడి చేసేవాడు గాల్లోకి లేచాక అతని దారిలోకి వచ్చి నిలబడ్డాడా? అదీ బ్లాకింగే. చివరిగా రింగు కింద ఉన్న అర్ధవలయం, దాని వ్యాసార్ధం 1.25 మీటర్లు. బయటినుంచి దూసుకొచ్చి గాల్లోకి లేచినవాడు అందులో నిలబడ్డవాడిని తాకితే ఛార్జింగ్ ఇవ్వరు, అతను చేతులతోనో కాళ్లతోనో అక్రమంగా తోస్తే తప్ప.

ఇదంతా చదవడానికి పట్టిన సమయం కోర్టులో ఉండదు. కానీ తాకిడికి ముందు నుంచే అడ్డుకునేవాడి పాదాలు చూస్తూ ఉంటే జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉంటుంది. తాకిడి చప్పుడు విని తల తిప్పితే ఉండదు.

ట్రావెలింగ్ (బంతి పట్టుకుని ఎక్కువ అడుగులు వేయడం) కూడా పాదాల లెక్కే. 2017 నుంచి అంతర్జాతీయ నియమాల్లో ఒక స్పష్టత వచ్చింది. పరుగులో బంతిని అందుకునే క్షణంలో నేల మీద ఉన్న కాలు లెక్కలోకి రాదు, ఆ తర్వాత రెండు అడుగులు వేయవచ్చు. బడుల మ్యాచ్‌ల్లో పాత కాలపు వ్యాయామ ఉపాధ్యాయులు ఇప్పటికీ 'మూడు అడుగులు వేశాడు' అని అరుస్తుంటారు. వాళ్లతో వాదించకండి. ట్రావెలింగ్ అని ఖాయంగా తెలిస్తేనే విజిల్ వేయండి, ఏదో వింతగా అనిపించిందని వేయకండి. వింతగా ఆడటం నేరం కాదు.

విజిల్

ఒక్కసారి, పొట్టిగా, గట్టిగా. వరసగా నాలుగుసార్లు ఊదితే కోపం వినిపిస్తుంది. పీలగా ఊదితే అనుమానం వినిపిస్తుంది.

తాకిడి మొదలైన వెంటనే ఊదకండి. ఆరంభం, నడుమ, ముగింపు, మూడూ చూడండి. చెయ్యి తగిలినా డ్రిబుల్ చెదరక, అడుగు తడబడక, ఆటగాడు దాటుకుని పోయి తేలిగ్గా బుట్టలో వేశాడంటే మీ విజిల్ అతనికి అన్యాయం చేస్తుంది. రెప్పపాటు ఆగి ఊదిన విజిల్‌ను ఆలస్యం అనే కోచ్ ఉంటాడు, ఉండనివ్వండి.

ఇద్దరూ ఒకేసారి ఊదితే? పిడికిలి పైకెత్తి ఆగిపోండి. ముందు జోడీ కళ్లలోకి చూడండి. ఏ ఫౌలో చూపించే సైగకు తొందరపడకండి. మీరు బ్లాకింగ్ అని నడుము మీద చేతులు పెట్టి, అవతల మీ జోడీ ఛార్జింగ్ అని అరచేతిలో పిడికిలి గుద్దితే, ఆ తర్వాత మీరు ఏం చెప్పినా ఒక బెంచీ నమ్మదు. ఎవరి భాగంలో ఆట జరిగిందో వారే ముందుకు రావాలి, రెండోవారు చెయ్యి దించాలి.

చేతులు

గడియారం ఆపే సైగలు రెండు. ఫౌల్ అయితే పిడికిలి పైకి. నియమ ఉల్లంఘన అయితే తెరిచిన అరచెయ్యి పైకి. ఇది విజిల్‌తో పాటే రావాలి, తర్వాత కాదు, ఎందుకంటే స్కోరు రాసే టేబుల్ దగ్గర గడియారం నొక్కే పిల్లవాడు విజిల్ వింటాడు, అది దేనికో మీ చేతిని చూసి తెలుసుకుంటాడు. మోచెయ్యి పూర్తిగా చాచండి. సగం ఎత్తిన చెయ్యి బస్సు ఆపుతున్నట్టు ఉంటుంది.

ఉల్లంఘన అయితే తర్వాత కారణం, ఆపైన దిక్కు. ట్రావెలింగ్‌కు రెండు పిడికిళ్లూ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పాలి. డ్రిబుల్ ఆపి మళ్లీ మొదలుపెట్టే డబుల్ డ్రిబుల్‌కు అరచేతులతో కిందికి తట్టాలి. దాడి చేసేవాడు లేన్‌లో మూడు సెకన్లు దాటి ఉండిపోతే చెయ్యి చాచి మూడు వేళ్లు. 24 సెకన్లలో షాట్ వేయకపోతే వేళ్లతో భుజం తాకాలి. ఇవన్నీ అద్దం ముందు వారంలో వస్తాయి.

ఫౌల్ వేరు. అక్కడ మీరు టేబుల్‌కు చెప్పాలి, చెప్పడానికి ఒక క్రమం ఉంది. టేబుల్‌వారికి అడ్డు లేకుండా కనిపించే చోటుకు నడిచి వెళ్లి, రెండు కాళ్ల మీదా స్థిరంగా నిలబడండి. ముందు ఆటగాడి నంబరు. తర్వాత ఫౌల్ రకం. చివర శిక్ష, అంటే ఎన్ని ఫ్రీ త్రోలు లేదా ఆట ఏ దిక్కు. మూడింటి మధ్య ఒక్కో ఊపిరి వ్యవధి ఇవ్వండి. టేబుల్ దగ్గర రాసేది చాలాసార్లు తొమ్మిదో తరగతి అమ్మాయి. మీరు సైగలు కుమ్మరించి పరుగెత్తితే ఆ అమ్మాయి పక్కవాళ్లను అడుగుతుంది, పక్కవాళ్లు తప్పు చెబుతారు, నాలుగో క్వార్టరులో ఒకడికి ఐదో ఫౌల్ పడి బయటికి పోవాలా లేదా అని గొడవ.

నంబర్లలో తికమక ఉంది. 11 నుంచి 15 దాకా కుడి చెయ్యి పిడికిలి, ఎడమ చేతి వేళ్లు. 16 నుంచి మాత్రం రెండు అంచెలు. ముందు చేతి వెనక భాగం టేబుల్‌కు చూపిస్తూ పదుల అంకె, తర్వాత అరచేతులు తిప్పి ఒకట్ల అంకె. 24 అయితే వెనక భాగంతో రెండు, అరచేతితో నాలుగు. ఒకేసారి ఒక చేత్తో రెండు, మరో చేత్తో నాలుగు చూపిస్తే అది ఆరు. నిజంగానే ఆరో నంబరు కుర్రాడికి ఫౌల్ రాసిన రోజులున్నాయి.

ఫౌల్ రకాల్లో తరచూ వాడేవి ఇవి. బ్లాకింగ్‌కు రెండు చేతులూ నడుము మీద. పట్టుకుంటే మణికట్టు పట్టుకుని కిందికి. తోస్తే తోసినట్టే. చేతి మీద కొడితే మణికట్టు మీద కొట్టి చూపడం. బంతి ఉన్నవాడు గుద్దితే అరచేతిలో పిడికిలి. ఫౌల్ చేసిన తీరును నటించి చూపకండి. కుర్రాడు మోచేత్తో ఎలా పొడిచాడో మీరు అభినయించనక్కర్లేదు, అది వీధి నాటకం కాదు.

ఇక టీ ఆకారం కథ. పోయినేడు వేసవిలో నా దగ్గర నేర్చుకుంటున్న సూళ్లూరుపేట కుర్రాడు ఒక బడి మ్యాచ్‌లో ట్రెయిల్. వెనకబడిన జట్టు కోచ్ టైమ్ అవుట్ అడిగారు. టైమ్ అవుట్‌కు ఒక అరచెయ్యి, దాని కింద మరో చేతి చూపుడు వేలు, అలా టీ ఆకారం చూపించాలి. ప్రవర్తన తప్పితే ఇచ్చే టెక్నికల్ ఫౌల్‌కు రెండు అరచేతులతో టీ. మావాడు కంగారులో రెండు అరచేతులూ కలిపాడు. కోచ్ గారు ఒక్క క్షణం నిర్ఘాంతపోయి, "నేనేం అన్నాను సార్?" అంటూ కోర్టులోకి వచ్చేశారు. అలా రావడంతో నిజంగానే టెక్నికల్ ఇవ్వాల్సిన పరిస్థితి వచ్చింది. నేను అవతలి కొస నుంచి పరుగున వచ్చి, ఒక వేలు చూపించి, టైమ్ అవుట్ అని రెండుసార్లు గట్టిగా చెప్పాను. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. కోచ్ నవ్వేశారు. అందరు కోచ్‌లూ నవ్వరు.

మాట

చెన్నైలో తెలుగు రిఫరీకి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఒక జట్టు కోచ్ మీ పేరు వినో, ఫోనులో మీరు ఇంట్లోవాళ్లతో మాట్లాడింది వినో దగ్గరకు వస్తారు. "ఏమండీ, మనది ఏ ఊరు?" అని ఆప్యాయంగా అడుగుతారు. పరాయి ఊళ్లో మన మాట వినిపిస్తే ఎవరికైనా ప్రాణం లేచి వస్తుంది. అవతలి బెంచీ నుంచి తమిళ కోచ్ ఇది చూస్తున్నారు. ఆయనకు మీరు ఊరి పేరు చెప్పుకుంటున్నారని తెలియదు, ఏదో ఒప్పందం జరుగుతోందని మాత్రం అనిపిస్తుంది. తర్వాత మీరు వేసే ప్రతి విజిల్‌నూ ఆయన ఆ సంభాషణతో ముడిపెడతారు.

నమస్కారం పెట్టి, "ఆట అయ్యాక మాట్లాడుకుందాం సార్" అని నవ్వి కదలండి. కోర్టులో ఇద్దరికీ అర్థమయ్యే భాషే వాడండి, తమిళమో ఇంగ్లీషో. అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో మాట అవసరమైతే ఇంగ్లీషే వాడాలన్న నియమం ఉంది, దాని వెనక తర్కం ఇదే. సైగలు పుట్టిందీ అందుకే. పిడికిలికి తెలుగు, తమిళం లేవు. ఆటగాళ్లలో తెలుగు పిల్లవాడు కనిపించి "అన్నా, చూడన్నా, చొక్కా పట్టుకుంటున్నాడు" అన్నా, జవాబు తెలుగులో ఇవ్వకండి. తల ఊపండి, ఆ ఇద్దరు ఆటగాళ్లనూ కాసేపు గమనించండి.

కోచ్‌లతో ఇంకో సూత్రం. ప్రశ్న అడిగితే జవాబు చెప్పండి, వ్యాఖ్యానం చేస్తే వినండి. 'ఆ ఫౌల్ ఎవరిది?' ప్రశ్న. 'ఈ రోజు అన్నీ వాళ్లకే' వ్యాఖ్యానం. జవాబు ఒక వాక్యం దాటకూడదు, "పన్నెండో నంబరు, చేతి మీద కొట్టాడు సార్." మీరు నిలబడిన చోటు నుంచే, గొంతు పెంచకుండా. వేలు చూపిస్తూ మాట్లాడకండి. ఆటగాళ్లు చిన్నవాళ్లైనా 'ఒరేయ్' వద్దు, నంబరుతో పిలవండి.

కోచ్ హద్దు దాటితే ముందు ఒక హెచ్చరిక, మామూలు గొంతుతో, అందరికీ వినిపించనవసరం లేకుండా. మళ్లీ దాటితే టెక్నికల్. దాన్ని కోపంతో ఇవ్వకండి, ట్రావెలింగ్ ఇచ్చినంత మామూలుగా ఇచ్చి అక్కడి నుంచి దూరంగా వెళ్లిపోండి. ఇచ్చాక అక్కడే నిలబడి కళ్లెర్రజేస్తే అది మీ ఇద్దరి తగాదా అవుతుంది. తిట్టో చేయి చేసుకోవడమో అయితే హెచ్చరిక అవసరమే లేదు.

మీ జోడీ తీర్పు మీకు నచ్చకపోతే? అతని పరిధిలోని తీర్పును మార్చే అధికారం నియమాల ప్రకారం మీకు లేదు. మీరు అతనికి కనిపించనిది చూసి ఉంటే దగ్గరకు వెళ్లి చెవిలో చెప్పండి, మార్చుకోవడం అతని ఇష్టం. తల అడ్డంగా ఊపడం, ఆకాశం వైపు చూడటం మాత్రం వద్దు. బెంచీలు మీ ఇద్దరి ముఖాలనే చదువుతుంటాయి.

తప్పు చేసినప్పుడు

చేస్తారు. కొన్నింటిని దిద్దవచ్చు. రాని ఫ్రీ త్రో ఇచ్చినా, రావాల్సింది ఇవ్వకపోయినా, వేరేవాడితో వేయించినా, పాయింట్లు తప్పుగా ఇచ్చినా రద్దు చేసినా, ఆ పొరపాటు తర్వాత గడియారం నడిచి, బంతి మొదటిసారి ఆగి, మళ్లీ ఆటలోకి రాకముందే గుర్తిస్తే సరిచేయవచ్చు. బ్లాకింగో ఛార్జింగో అన్నది ఆ కోవలోకి రాదు. అది అయిపోయింది.

అయిపోయినదాన్ని అవతలి కొసలో తూచి సరిపెట్టాలని అనిపిస్తుంది. ఒక జట్టుకు అన్యాయం జరిగింది కాబట్టి తర్వాతి సందేహాన్ని వాళ్లకు ఇచ్చేద్దామని. నేనూ ఒకసారి అలా ఇచ్చాను. అప్పుడు ఒక తప్పు రెండైంది, ఇద్దరు కోచ్‌లకూ నా మీద కోపం వచ్చింది, ఇద్దరిదీ న్యాయమైన కోపమే. కోచ్ అడిగితే "నాకు సరిగ్గా కనిపించలేదు సార్" అని ఒప్పుకోవచ్చు, ఆటకు ఒకసారి. మూడుసార్లు ఒప్పుకునే పరిస్థితి వస్తే మీరు నిలబడే చోటు మార్చుకోవాలి.

ఆట ముగిశాక గెలిచిన జట్టు సంబరంలో, ఓడిన జట్టు సణుగుడులో ఆగకండి. క్రూ చీఫ్ (మీ ఇద్దరిలో ముఖ్య రిఫరీ) స్కోరు షీటు చూసి సంతకం చేయడంతో మీ పని పూర్తవుతుంది. నీళ్లు తాగి, జోడీతో రెండు మూడు సన్నివేశాలు మాట్లాడుకుని ఇంటికి వెళ్లండి. ఊరు ఏదని అడిగిన ఆ కోచ్ గేటు దగ్గర ఎదురుచూస్తుంటే అప్పుడు చెప్పండి.

ఇంటి దగ్గర సాధన

సైగలకు అద్దం, పరుగుకు మెట్లు, నియమాలకు రాత్రి పడుకునే ముందు రోజుకు ఒక అధ్యాయం. ఎవరితోనైనా మీ ఆటను ఫోనులో తీయించుకోండి, తర్వాత శబ్దం తీసేసి చూడండి. శబ్దం లేనప్పుడు మీ చేతులు ఏం చెబుతున్నాయో మీకే అర్థం కాకపోతే టేబుల్ దగ్గర ఆ అమ్మాయికి ఎలా అర్థమవుతుంది?

వీటన్నిటి కంటే నాకు ఎక్కువ పనికొచ్చింది ఒక కాగితం, ఒక పెన్సిలు. పెరియమేటులో నెహ్రూ ఇండోర్ స్టేడియం అయినా సరే, మీ వీధి చివరి బడి అయినా సరే, విజిల్ లేకుండా వెళ్లి గట్టు మీద కూర్చోండి. ఒక జట్టులో అడ్డుకునే ఆటగాడు ఒకణ్ని ఎంచుకోండి. ఒక క్వార్టరు పాటు, పది నిమిషాలు, అతన్ని మాత్రమే చూడండి. కన్ను బంతి మీదికి జారిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత గీయండి. నా మొదటి కాగితం మీద ముప్పై నాలుగు గీతలు పడ్డాయి. అప్పటికి నేను ఆరేళ్లుగా విజిల్ ఊదుతున్నాను.